పోతన, గౌతమి, తమ్ముడు.. మన అక్షరాలు గీసినోళ్ల కత

రెండేండ్ల కింద మా చిన్నాయన బిడ్డ పెండ్లి. కార్డు మ్యాటర్ రాసే పని నా మీద పడ్డది. ఇంట్ల సదువుకున్నోడు అంటే గిట్లాంటి పనులు తప్పవు గదా. ఫోన్ల తెలుగుల టైప్ కొట్టి, ఒకటికి రెండుసార్లు సదివి, వాట్సాప్‌ల డీటీపీ షాపుకు పంపిన. మూడొద్దులకు నాలుగు వందల కార్డుల కట్ట చేతికొచ్చింది. మీద బంగారు రంగుల పెద్ద అక్షరాలతోని ‘ఆవ్హానం’ అని ఉన్నది. హ కింద వ వత్తు ఉండాల్సింది, వ కింద హ వత్తయింది. పెన్నుతోని దిద్దుదామన్నా బంగారు రంగు పెన్ను యాడికెళ్లి తేవాలె? అట్లనే పంచినం.

షాపు పిలగాన్ని అడిగిన, ‘నేను సరిగ్గనే కొట్టి పంపిన గదా, ఎట్ల తప్పయింది?’ అని. ‘అన్నా, మీ ఫోన్ తెలుగు మా సిస్టంల పడది. అతికిస్తే డబ్బాలు వస్తయ్. అందుకే మొత్తం మళ్ల కొట్టిన’ అన్నడు. ఆ పిలగాని తప్పేం లేదు. రాత్రి పదకొండు దాకా కూసొని కొడ్తే ఎవరికైనా వత్తులు తిరగబడ్తయ్. గాని ఆ మాట నా మనసుల ఉండిపోయింది. నా ఫోన్ల తెలుగు వేరే, షాపుల తెలుగు వేరే ఎందుకయింది? అసలు ఈ అక్షరాలు ఎవరు గీసిన్రు? అప్పటి సంది తవ్వుతనే ఉన్న. తెలిసింది మీతోని పంచుకుంట.

ముందుగాల డబ్బాల సంగతి. కంప్యూటర్‌కు అక్షరం అంటే ఒక నంబర్. మొదట్ల ఇంగ్లిష్ అక్షరాలకే నంబర్లు ఉండె. తెలుగు కావాలంటే మనోళ్లు ఒక ఉపాయం చేసిన్రు. ఇంగ్లిష్ అక్షరం ఉండే అరల తెలుగు ముక్క బొమ్మ పెట్టిన్రు. తలకట్టు ఒక అరల, కొమ్ము ఒక అరల, వత్తు ఇంకో అరల. ఆ ఫాంట్ ఉన్న సిస్టంల తెలుగు కనపడ్తది, లేకుంటే పిచ్చి ఇంగ్లిష్ గీతలు. పేపరోళ్ల వెబ్‌సైట్లు సుత శాన ఏండ్లు గట్లనే నడిచినయ్, ఒక్కో పేపర్‌కు ఒక్కో ఫాంట్ దింపుకోవాల్సి వచ్చేది. ఊర్లల్ల డీటీపీ షాపులకు అన్నం పెట్టింది ఈ పద్ధతి ఫాంట్లే, అది మరువొద్దు. రెండో పద్ధతి యూనికోడ్. ప్రపంచంల ఉన్న లిపులన్నిటికీ ఎవరి నంబర్లు వాళ్లకు. 1991ల వచ్చిన మొదటి యూనికోడ్‌లనే తెలుగు ఉన్నది. ‘క’ అంటే ఏ దేశంల, ఏ ఫోన్ల అయినా ఒకటే నంబర్. మన ఫోన్లు ఈ పద్ధతిల నడుస్తయ్. షాపు పాత పద్ధతిల ఉండిపోయింది. నడుమ ‘ఆహ్వానం’ బలయింది.

అయితే నంబర్ ఇస్తే సరిపోదు. నంబర్‌కు బొమ్మ కావాలె. ఆ బొమ్మల సంచే ఫాంట్. తెలుగుల అది మస్తు బరువైన సంచి. ఇంగ్లిషోడు పెద్ద అక్షరాలు ఇరవయ్యారు, చిన్నయి ఇరవయ్యారు, అంకెలు, చుక్కలు గీస్తే పనయిపోతది. మనకు ‘హ్వా’ కనపడాలంటే హ, దాని తలకట్టు తీసేసి పెట్టే దీర్ఘం, కింద వ వత్తు, మూడూ ఒకదానికొకటి కుదరాలె. ‘రాష్ట్రం’ల ష కింద ట వత్తు, దాని పక్కకు ర వత్తు. ‘స్త్రీ’, ‘లక్ష్మి’ సంగతి చెప్పే పనే లేదు. ఏ అక్షరం పక్కకు ఏది వస్తే ఏ బొమ్మ మారాలె, వత్తు ఎంత దిగాలె, ఎంత జరగాలె అనే లెక్కలన్నీ ఫాంట్ల రాసి పెట్టాలె. అందుకే తెలుగు ఫాంట్ల వందల బొమ్మలు ఉంటయ్. గీసేటోడు సగం చిత్రకారుడు, సగం సుతారి మేస్త్రి.

తెలుగు అచ్చు అక్షరాలు మొదలు పోసింది మన దేశంల గాదు. 1746-47ల జర్మనీల హాలె అనే పట్నంల బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ తెలుగు పుస్తకాలు అచ్చు వేయించిండు. తాటాకు మీద గంటంతోని అడ్డంగ గీస్తే ఆకు చీలుతదని మనోళ్లు గుండ్రంగ రాసుకున్నరంటరు. ఆ గుండ్రాలను సీసంల పోసుడు మొదలైంది ఏడు సముద్రాల అవతల. రెండు వందల యాభై ఏండ్ల తర్వాత కంప్యూటర్ల కాలంల సుత అదే కత ఇంకో తీరుగ నడిచింది.

విండోస్ ఎక్స్‌పీ గుర్తున్నదా? 2001ల వచ్చింది. ఇంటర్నెట్ సెంటర్ల గంటకు ఇంత అని పైసలిచ్చి కూసున్నోళ్లకు యాదికి ఉంటది. అందుల తెలుగు ఫాంట్ పేరు ‘గౌతమి’. మన గోదారికి ఉన్న ఇంకో పేరే. దాన్ని తయారు చేయించింది రఘునాథ్ జోషి. ఆర్.కె.జోషి అంటరు. 1936ల పుట్టిండు, 2008ల పోయిండు. మరాఠీ మనిషి, కవి, చేతిరాత కళల దిట్ట. అడ్వర్టైజింగ్ కంపెనీల పనిచేసి, తర్వాత ముంబై ఐఐటీల డిజైన్ పాఠాలు చెప్పిండు. హిందీకి ‘మంగళ్’ గీసింది సుత ఆయనే. ఆయన చెయ్యి కింద ‘గౌతమి’ గీసిన డిజైనర్ ఓంకార్ షెండే. అంటే మన రాష్ట్రంల లక్షల మంది మొదటిసారి కంప్యూటర్ మీద చూసిన తెలుగు అక్షరాన్ని గీసింది ముంబై చేతులు. ‘గౌతమి’ అందంగ ఉన్నదా అంటే నాకు అంత నచ్చదు. సన్నగ, బక్కగ, చిన్న సైజుల వత్తులు కనపడకుంట ఉంటది. అయినా ఏ సిస్టంల తెరిచినా డబ్బాలు రాకుంట తెలుగు చూపిచ్చిన ఘనత దానిది. మొదటి బస్సు సీటు మెత్తగున్నదా లేదా అని ఎవరు చూస్తరు?

అదే కాలంల కెనడాల ఉండే ఒక తెలుగు ఆయన కూసొని సొంతంగ ఫాంట్లు గీసిండు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు. ‘పోతన’, ‘వేమన’ అనే రెండు ఫాంట్లు తయారు చేసి అందరికీ ఉత్తగనే ఇచ్చిండు. ‘పోతన’ల గీత ఒక దగ్గర లావు, ఒక దగ్గర సన్నం, పాత అచ్చు పుస్తకం లెక్క. ‘వేమన’ల గీత అంతటా ఒకే మందం, ఆ కవి మాట లెక్క సీదాసాదా. తెలుగుల బ్లాగులు మొదలైన కాలంల ఆ ఫాంట్లు వేసుకొని రాసినోళ్లు, సదివినోళ్లు మస్తుమంది. బమ్మెర పోతన మన వరంగల్ దిక్కు మనిషి. ఆయన పేరు మీద అక్షరం మంచు కురిసే దేశం నుంచి వచ్చింది. ఎవరూ అడగలె, ఎవరూ పైసలియ్యలె. భాష మీద పావురం ఉన్నోళ్లు గిట్లనే ఉంటరు.

గిప్పుడు మీ ఫోన్ తీయుండ్రి. పోస్టర్లు చేసే యాప్ ఏదన్నా ఉంటే తెరిచి తెలుగు ఫాంట్ల లిస్టు చూడుండ్రి. రామభద్ర, మండలి, సురవరం, గిడుగు, గురజాడ, ధూర్జటి, మల్లన్న, సూరన్న, తిమ్మన, పెద్దన, రామరాజ, తెనాలి రామకృష్ణ.. పేర్లు చూసి ఎవరో తెలుగు మాస్టారు పెట్టిండని అనుకుంటిరా? ఇవి గీసినోళ్లలల్ల ముఖ్యులు ఇద్దరు. ఎక్కువ ఫాంట్లు పురుషోత్ కుమార్ గుత్తుల చేతి మీద అయినయ్. కొన్ని అప్పాజీ అంబరీష దర్భ గీసిండు. ‘చతుర’ అనే సన్న గీత ఫాంట్ సుత అంబరీషదే. 2012, 2013 ప్రాంతంల ఇవి తయారైనయ్. అమెరికాల తెలుగోళ్ల సంస్థ సిలికానాంధ్ర వీటిని అందరికీ ఉచితంగ విడుదల చేసింది. తర్వాత గూగుల్ ఫాంట్లలల్ల చేరినయ్.

ఆ పేర్ల ఎనక సుత ఒక లెక్క ఉన్నది. కృష్ణదేవరాయల కొలువుల అష్టదిగ్గజాలు అని సదివినం గదా, పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన, రామభద్రుడు, సూరన, రామరాజభూషణుడు, తెనాలి రామకృష్ణుడు. ఎనిమిది మందికీ ఎనిమిది ఫాంట్లు. రాయలు పేరు మీద ఇంకోటి. ‘మండలి’ అంటే 1975ల హైదరాబాద్‌ల మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు నడిపించిన మండలి వెంకట కృష్ణారావు. ‘గిడుగు’ అంటే మనం మాట్లాడే భాషనే పుస్తకంల రాయాలని కొట్లాడిన గిడుగు రామమూర్తి. ‘సురవరం’ అంటే మన సురవరం ప్రతాపరెడ్డి. తెలంగాణల కవులే లేరు అన్నోళ్ల నోరు మూయించేతందుకు 354 మంది కవులతోని ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చిన పెద్దమనిషి. ఆయన పేరు మీద ఉన్న ఫాంట్ పేపర్ల వార్తలకు పనికొచ్చేటట్టు గీసిన్రు. ‘గోలకొండ’ పత్రిక నడిపిన ఆయనకు అది సరైన గౌరవమే.

బూర్గంపాడు సెంటర్ల ఒకసారి తలెత్తి చూస్తే లీడర్ పుట్టినరోజు ఫ్లెక్సీల లావుగ, నల్లగ, బండరాయి లెక్క ఉండే అక్షరాలు కనపడ్తయ్. గుత్తుల గీసిన ‘రామభద్ర’ గట్లాంటి పనికే. దూరం నుంచి, బస్సుల పోతున్నోనికి సుత కనపడాలె. ‘మండలి’ గట్ల గాదు, చిన్న సైజుల పొడుగు మ్యాటర్ సదువుకునేతందుకు. దాంతోని ఫ్లెక్సీ వేస్తే తేలిపోతది, ‘రామభద్ర’తోని పేజీ మొత్తం నింపితే కండ్లు గుంజుతయ్. ఏ పనికి ఏ ఫాంట్ అనేది తెలిస్తే సగం డిజైన్ వచ్చినట్టే.

లీడర్ల బొమ్మలు, పేర్లు సెంటర్ సెంటర్‌కు ఉంటయ్. ఆ పేరు రాసిన అక్షరం గీసినాయన పేరు మాత్రం ఎవ్వరికీ తెల్వదు. ఆ ఫ్లెక్సీ వేసినోనికి సుత తెల్వదు. నాకు సుత రెండేండ్ల కింద దాకా తెల్వదు, దాపరికం ఎందుకు.

ఇక బాపు సంగతి చెప్పకుంటే పాపం తగుల్తది. బాపు బొమ్మ గొప్పనా, బాపు రాత గొప్పనా అంటే చెప్పలేం. బ్రష్షుతోని ఒక్క ఊపుల రాసినట్టు ఉండే ఆ అక్షరం పుస్తకాల అట్టల మీద, సినిమా టైటిళ్లల్ల, పత్రికలల్ల ఏండ్ల తరబడి నడిచింది. తర్వాత అది కంప్యూటర్ ఫాంట్ అయింది. పెండ్లి కార్డుల మీద ఇప్పటికీ అది కావాలనేటోళ్లు ఉన్నరు. 1973ల ఆయన తీసిన ‘అందాల రాముడు’ సినిమాల లాంచీ రాజమండ్రి నుంచి గోదాట్ల మన భద్రాచలానికే వస్తది. ఒక మనిషి చేతిరాత ఫాంట్ అయితే ఒక చిక్కు ఉన్నది. చేతితోని రాసేటప్పుడు ‘అ’ ఒకసారి రాసినట్టు ఇంకోసారి రాయం. ఫాంట్ల ప్రతి ‘అ’ ఒకటే. బాపు బతికుండంగ రాసిన టైటిల్, ఇప్పుడు ఫాంట్‌తోని కొట్టిన టైటిల్ పక్కపక్కకు పెట్టి చూడుండ్రి, ఏది పానం ఉన్నదో దానంతట అదే తెలుస్తది.

ఇయ్యాల ఉన్న ఫాంట్లలల్ల నాకు బాగ ముద్దొచ్చే పేరు ‘బాలూ తమ్ముడు’. ముంబైల ‘ఏక్ టైప్’ అనే బృందం ‘బాలూ’ అనే బొద్దు ఫాంట్‌ను దేశంల ఉన్న లిపులకు గీసింది. ఒక్కో భాషల ఒక్కో చుట్టరికం. తమిళంల తంబి, మలయాళంల చేట్టన్, గుజరాతీల భాయి, పంజాబీల పాజీ, మన దగ్గరికి వచ్చేవరకు తమ్ముడు. ఆ తమ్మున్ని గీసింది ఎవరనుకున్నరు? గీసినోళ్లల్ల ‘గౌతమి’ గీసిన అదే ఓంకార్ షెండే సుత ఉన్నడు. బక్క ‘గౌతమి’ నుంచి బొద్దు ‘తమ్ముడు’ దాకా ఒక మనిషి చెయ్యి ఎంత దూరం నడిచిందో ఆ రెండు ఫాంట్లు పక్కపక్కకు పెడ్తే తెలుస్తది. అహ్మదాబాద్‌ల ఇండియన్ టైప్ ఫౌండ్రీ వాళ్లు ‘హింద్’ అనే ఫాంట్‌కు తెలుగుల గుంటూరు పేరు పెట్టిన్రు. మిరపకాయల ఊరికి దక్కింది, మన ఖమ్మానికి దక్కలె. సరే, అది వేరే బాధ.

బయటోళ్లు గీస్తే తప్పా? నా మటుకు తప్పు గాదు. పని మీద భక్తి ఉంటే చాలు. ఫియోనా రాస్ అని ఇంగ్లండ్ ఆమె ఉన్నది. 1978 నుంచి 1989 దాకా లైనోటైప్ కంపెనీల పనిచేసింది. మన దేశం భాషల అక్షరాలు చూసే విభాగాన్ని నడిపించింది. బెంగాలీ పేపర్ల మొఖం మార్చిన ఫాంట్ ఆ టీమ్ చేతిలనే తయారైంది. ఆమె, కెనడాల ఉండే జాన్ హడ్సన్ కలిసి మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాలకు తెలుగు ఫాంట్ చేసిన్రు. 2015ల ఆ లైబ్రరీ మొదటి విడతల పెద్దన ‘మనుచరిత్ర’ వచ్చింది, ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఇంగ్లిష్. ఆ ఫాంటే ఇప్పుడు ‘టైరో తెలుగు’ పేరుతోని ఉచితంగ దొరుకుతది. దింపుకొని ఒక పేజీ కొట్టి చూడుండ్రి. వత్తులకు గాలి ఆడుతది, గీత లావు సన్నం పద్ధతిగ ఉంటది.

ఈ పని ఎంత సూక్ష్మమో చెప్పేతందుకు ఇంకో మనిషి కత చెప్త. మాథ్యూ కార్టర్, 1937ల లండన్ల పుట్టిండు. కుర్రోడిగ ఉన్నప్పుడు హాలండ్ పోయి ఉక్కు ముక్క మీద అక్షరం చెక్కుడు నేర్చుకున్నడు. తర్వాత ఫిల్మ్ మీద ఫాంట్లు, ఆ తర్వాత కంప్యూటర్ ఫాంట్లు. మూడు కాలాలు ఒక్క మనిషి చూసిండు. 1978ల అమెరికా టెలిఫోన్ కంపెనీకి డైరెక్టరీ కోసం ‘బెల్ సెంటెనియల్’ అనే ఫాంట్ ఇచ్చిండు. డైరెక్టరీ కాగితం పల్చగ, నాసిగ ఉంటది, మిషన్ జోరుగ తిరుగుతది, సిరా పీల్చుకొని అక్షరం మూలలు అలుక్కపోతయ్. కార్టర్ ఏం చేసిండంటే, అక్షరం మూలలల్ల కావాలనే గంట్లు కోసి పెట్టిండు. సిరా పాకి ఆ గంట్లను నింపుతది, అక్షరం సాఫ్‌గ కనపడ్తది. పెద్దగ చేసి చూస్తే ఎలుకలు కొరికినట్టుంటది, కాగితం మీద ముత్యం లెక్కుంటది. కాగితం సంగతి సారపాక మిల్లు ఉన్న మన మండలపోళ్లకు వేరే చెప్పాల్నా? ఏ కాగితం సిరా ఎంత తాగుతదో మన దగ్గర పనిచేసేటోళ్లకు ఎరుకే. కంప్యూటర్ తెర మీద సదువుకునే ‘వెర్డానా’ను 1996ల గీసింది సుత ఈయననే.

మన తెలుగుకు సిరా బాధ కన్నా వత్తు బాధ ఎక్కువ. ఫోన్ యాప్‌లు ఇంగ్లిష్ లెక్కతోని లైన్ల నడుమ జాగ ఇస్తయ్. మనకు పైన గుడి, కింద వత్తు. పై లైన్ వత్తు కింది లైన్ గుడికి తాకుతది. గీసేటోళ్లు దిక్కులేక వత్తును నొక్కి చిన్నగ చేస్తరు. చిన్నగ చేస్తే మా అమ్మకు కండ్లద్దాలు పెట్టుకున్నా కనపడదు. ఇది ఒక్క ఫాంట్ తప్పు గాదు, ఫోన్, యాప్, ఫాంట్ మూడూ కుదరాలె. కుదరకుంటే ఏమైతదో 2018 ఫిబ్రవరిల లోకమంతా చూసింది. ‘జ్ఞా’ అక్షరం ఒక తీరుగ, నడుమ కనపడని గుర్తుతోని వస్తే ఐఫోన్ల యాప్‌లు ఠక్కున బందయిపోయినయ్. మెసేజ్ పంపితే అవతలోని యాప్ మళ్ల తెరుసుకోలె. ఫాంట్ గీసినోని తప్పు గాదది, అక్షరాలు పేర్చే సాఫ్ట్‌వేర్ తప్పు. ఆ నెలలనే యాపిల్ దిద్దుకున్నది. లక్ష రూపాయల ఫోన్ మన ఒక్క అక్షరం మోయలేక కూలబడ్డది అని అప్పుడు నవ్వుకున్నం. గాని ఆలోచిస్తే నవ్వే సంగతి గాదు. కోట్ల మంది రాసే లిపిని ఆ ఫోన్ల సరిగ్గ పరీక్ష చేసి చూసినోడే లేడు.

గీయనిది కనపడదు. అసలు బాధ గీడనే. మన నోట్లె ‘చాప’, ‘చలి’, ‘జొన్న’ అన్నప్పుడు వచ్చే చ, జ వేరే. ‘చెట్టు’ల చ వేరే. పళ్లకు నాలుక తాకిచ్చి అంటం. సీపీ బ్రౌన్ తన నిఘంటువుల ఈ తేడాకు గుర్తు పెట్టిండు. యూనికోడ్‌ల 2008ల దీనికి రెండు అక్షరాలు చేరినయ్: ౘ, ౙ. నంబర్లయితే ఇచ్చిన్రు, బొమ్మ గీయాల్సింది ఫాంట్లోళ్లు. శాన ఫాంట్లలల్ల ఈ రెండూ లేవు. మీ ఫోన్ల ఇక్కడ రెండు డబ్బాలు కనపడ్డయంటే నేను చెప్పేది ఏందో మీకు తెలిసినట్టే. మన యాసల రాస్తున్నమని చెప్పుకుంటం, యాస పలికే అక్షరానికి సంచిల బొమ్మ లేదు.

తెలుగుకే గిట్లుంటే, మన మండలంల ఇండ్లల్ల మాట్లాడే కోయ సంగతేంది? కోయ మాట రాయాలంటే మన దిక్కు తెలుగు లిపే వాడుతున్నం. అంటే తెలుగు ఫాంట్ గీసేటోడు ఒక్క తెలుగుకే గీస్తలేడు, ఆయనకు తెల్వకున్నా కోయ పిల్లల వాచకానికి సుత గీస్తున్నడు. కోయకు దగ్గరి చుట్టమైన గోండికి సొంత లిపులు ఉన్నయ్. ఆదిలాబాద్ దిక్కు గుంజాల అనే ఊర్ల దొరికిన పాత రాతపుస్తకాల లిపిని జయధీర్ తిరుమలరావు సార్ లాంటోళ్లు లోకానికి చూపిచ్చిన్రు. 2018ల అది ‘గుంజాల గోండి’ పేరుతోని యూనికోడ్‌ల చేరింది. 1918ల మున్షీ మంగల్ సింగ్ మసారం చేసిన ఇంకో గోండి లిపి దానికన్నా ఒక ఏడాది ముందే చేరింది. రెంటికీ గూగుల్ ‘నోటో’ ఫాంట్లు వచ్చినయ్. గోండిల లగ్గం కార్డు వేయించుకునేతందుకు నాలుగైదు ఫాంట్లల్ల ఏది మంచిగున్నదని ఏరుకునే రోజు ఇంకా రాలె.

ఈ పని నేర్సుకునుడు ఎట్ల అని కొందరు అడుగుతరు. ‘ఫాంట్‌ఫోర్జ్’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. పైన చెప్పిన రామభద్ర, మండలి లాంటి ఫాంట్లు స్వేచ్ఛ లైసెన్స్ మీద ఉన్నయ్. దింపుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చొచ్చు, మార్చింది మళ్ల పంచొచ్చు. ఒక్క ఫాంట్‌నే విడిగ అమ్ముకునేతందుకు మాత్రం కుదరది. వాటి ఇంగ్లిష్ అక్షరాలు సుత మస్తు వాటిల వేరేటోళ్ల స్వేచ్ఛ ఫాంట్ల నుంచి తెచ్చుకున్నయే. పద్ధతిగ సదవాలంటే అహ్మదాబాద్ ఎన్ఐడీ, ముంబై ఐఐటీ, మన దగ్గర కంది ఐఐటీ డిజైన్ విభాగం ఉన్నయ్. ఫోన్ మీద అయ్యే పని గాదు, ఒక కంప్యూటర్ కావాలె. ముందుగాల ‘ౘ’ ఒక్కటి గీసి ఒక స్వేచ్ఛ ఫాంట్ల పెట్టి చూడుండ్రి. ‘చ’ అప్పటికే ఉంటది, దాని మీద చిన్న గుర్తే చేర్చేది. ఒక ఆదివారం పని.

మొన్న మా చెల్లెకు కొడుకు పుట్టిండు. బారసాల కార్డుకు మళ్ల అదే షాపుకు పోయిన. పిలగాడు కొత్త సాఫ్ట్‌వేర్ వేసిండు, ఇప్పుడు ఫోన్ తెలుగు సీదా పడ్తది. ‘ఏ ఫాంట్ పెట్టాలన్నా?’ అంటే పైన ‘రామభద్ర’, లోపల ‘మండలి’ పెట్టమన్న. గీసినాయన పేరు చెప్పిన. ‘మనోడేనా! ఇన్నొద్దుల సంది వాడుతున్న, పేరే తెల్వదు’ అన్నడు. ‘ఆహ్వానం’ సక్కగ వచ్చింది. గాని ‘రాష్ట్రం’ల ర వత్తు కింది లైన్ గుడికి తాకింది. లైన్ల నడుమ జర జాగ పెంచమని చెప్పొచ్చిన.